తొమ్మిది రోజుల రాణి తిరిగిన చోట్లు

లేడీ జేన్ గ్రే 1553 జూలై 10 నుంచి 19 దాకా ఇంగ్లండుకు రాణి. పట్టాభిషేకం జరగలేదు. ఏడు నెలలు తిరక్కుండానే, పదహారో పదిహేడో ఏట, టవర్ ఆఫ్ లండన్ ఆవరణలో ఆమె తల నరికారు. ఆమె పుట్టిన సంవత్సరం 1536 అని కొందరు చరిత్రకారులు, 1537 అని కొందరు అంటారు. ఇది కచ్చితంగా ఆమెదే అని అందరూ ఒప్పుకునే చిత్తరువు ఒక్కటీ మిగల్లేదు. తెలిసింది ఇంత కొద్దిదైనా, ఆమె మీద నాలుగు వందల ఏళ్ళుగా నాటకాలు, నవలలు, సినిమాలు వస్తూనే ఉన్నాయి. 1607లో అచ్చయిన డెకర్, వెబ్‌స్టర్‌ల నాటకంలోనే ఆమె పాత్ర ఉంది. 1715లో నికొలస్ రో ఆమె పేరు మీదే విషాద నాటకం రాశాడు. అమాయకురాలు, పెద్దల చదరంగంలో పావు, నోరెత్తని బలిపశువు అన్న బొమ్మ అక్కణ్ణుంచి ఇవాళ్టి దాకా పెద్దగా మారలేదు. ఆ కథలు నడిచిన చోట్లన్నీ లండన్‌కు ఒక పూట ప్రయాణంలోనే ఉన్నాయి. వాటిని ఆమె బతుకులో వచ్చిన వరసలోనే చూడాలని నేను లెస్టర్ నుంచి మొదలుపెట్టాను.

లండన్ సెయింట్ పాంక్రస్ స్టేషన్లో రైలెక్కితే గంటా గంటంపావులో లెస్టర్. ఊరి వాయవ్యాన ఆరేడు మైళ్ళ దూరంలో న్యూటౌన్ లిన్‌ఫర్డ్ అనే పల్లె, దాన్ని ఆనుకుని బ్రాడ్‌గేట్ పార్కు. ఎనిమిది వందల ఎకరాలకు పైబడిన ఈ జింకల వనం ఒకప్పుడు గ్రే వంశానిది. 1928లో చార్లెస్ బెనియన్ అనే స్థానిక పారిశ్రామికవేత్త దీన్ని కొని లెస్టర్‌షైర్ ప్రజలకు ఇచ్చేశాడు. లిన్ అనే చిన్న వాగు పక్కనే బాట సాగుతుంది. బాటకు రెండు వైపులా నల్లటి బండలు, ఎండిన ఫెర్న్ పొదలు, వాటి మధ్య మేస్తున్న జింకలు. నేను వెళ్ళినప్పుడు సన్నగా తుంపర పడుతోంది. అయినా కుక్కల్ని తిప్పేవాళ్ళు, పిల్లల బళ్ళు తోసుకొచ్చేవాళ్ళు తగ్గలేదు.

బ్రాడ్‌గేట్ భవనాన్ని జేన్ ముత్తాత, తాతల తరాల్లో, 15వ శతాబ్దం చివర మొదలుపెట్టి 16వ శతాబ్దం తొలి దశకాల్లో ముగించారు. కోటగోడల అవసరం తీరి, గొప్పవాళ్ళు సుఖం కోసం ఇటుకతో ఇళ్ళు కట్టుకోవడం మొదలైన కాలమది. ఇప్పుడు మిగిలింది ఎర్ర ఇటుక బురుజుల మొండేలు, పొయ్యిల ఆనవాళ్ళు, పైకప్పు నిలిచిన ప్రార్థనాలయం. ఒక బురుజును జేన్‌ది అని చూపిస్తారు. దానికి ఆధారం అడక్కూడదు. శిథిలాల చుట్టూ కొన్ని ముసలి ఓక్ చెట్లున్నాయి. మనిషి దూరేంత తొర్రలు, పైకొమ్మలు లేని మోడు తలలు. జేన్ శిరచ్ఛేదం వార్త విని అడవి కాపరులు దుఃఖంతో చెట్ల తలలు నరికారని ఇక్కడి ఐతిహ్యం. జింకల నోటికి అందని ఎత్తులో కొమ్మ కొట్టి, మళ్ళీ చిగురు తెచ్చుకోవడం ఇంగ్లండు వనాల్లో వందల ఏళ్ళుగా మామూలు పని. ఐతిహ్యం మాత్రం చెట్లకంటే గట్టిగా నిలిచింది. జేన్ నవల ఏది తీసినా ఈ ఓక్‌లు ఎక్కడో ఒకచోట కనపడతాయి.

నవలల్లో తప్పనిసరిగా వచ్చే మొదటి ఘట్టం కూడా ఈ భవనంలోదే. 1550లో రోజర్ ఆస్కమ్ అనే పండితుడు ఇక్కడికి వచ్చాడు. ఇంట్లోవాళ్ళంతా వేటకు పోతే, జేన్ ఒక్కతే గదిలో కూర్చుని ప్లేటో రాసిన 'ఫీడో'ను గ్రీకులో చదువుతోంది. తల్లిదండ్రులు ప్రతి చిన్న తప్పుకూ గిల్లుతారని, కొడతారని, గురువు జాన్ ఐల్మర్ మాత్రం ఎంతో మృదువుగా చెబుతాడని, అందుకే చదువంటే ఇష్టమని ఆ పిల్ల చెప్పిందట. తల్లి ఫ్రాన్సిస్ బ్రాండన్ ఎనిమిదో హెన్రీకి మేనకోడలు. నవలల్లో, సినిమాల్లో ఆమె గయ్యాళి తల్లిగా స్థిరపడిపోవడానికి మూలం ఈ సంభాషణే. అయితే ఆస్కమ్ దీన్ని రాసిన పుస్తకం అతను చనిపోయాక, 1570లో వెలువడింది. అప్పటికి జేన్ పోయి పదహారేళ్ళు. ఆ పుస్తకం వాదించేదే పిల్లల్ని కొట్టకుండా చదువు చెప్పాలని. సంభాషణ కల్పితమని దీన్నిబట్టి చెప్పలేం. కానీ ఒక వాదం బలపడటానికి ఏరుకున్న ఉదాహరణ అని గుర్తుంచుకోవాలి. పైగా ఆస్కమ్ తల్లిదండ్రులు ఇద్దరి గురించీ రాశాడు. నవలాకారులు తండ్రి హెన్రీ గ్రేను కాస్త తప్పించి, బరువంతా తల్లి మీద వేశారు. కూతురి ప్రాణం మీదకు నిజంగా తెచ్చినవాడు తండ్రే.

బ్రాడ్‌గేట్ నుంచి సింహాసనానికి దారి ఒక కాగితం మీదుగా వెళ్ళింది. ఆరో ఎడ్వర్డ్‌కు 1553లో పదిహేనేళ్ళు, క్షయలాంటి జబ్బు. ప్రొటెస్టెంటు మతంలో గట్టి పట్టుదల ఉన్న ఆ కుర్ర రాజు కాథలిక్ అక్క మేరీకి రాజ్యం దక్కకూడదనుకున్నాడు. స్వహస్తంతో వారసత్వ పత్రం రాసుకున్నాడు. మొదట అందులో ఉన్నది జేన్‌కు పుట్టబోయే మగసంతానానికి రాజ్యం అని. మగపిల్లలు పుట్టేదాకా తను బతకడని తేలాక ఒక అక్షరం కొట్టేసి, పైన రెండు మాటలు ఇరికించి, జేన్‌కూ ఆమె మగసంతానానికీ అని దిద్దాడు. ఆ దిద్దుబాటు ఉన్న కాగితం లండన్‌లో ఇన్నర్ టెంపుల్ గ్రంథాలయంలో భద్రంగా ఉంది. అదే ఏడు మే నెలలో జేన్‌కు గిల్ఫర్డ్ డడ్లీతో పెళ్ళి చేశారు. అతని తండ్రి, నార్తంబర్లాండ్ డ్యూక్ జాన్ డడ్లీ, అప్పటికి రాజ్యాన్ని నడుపుతున్నవాడు. జూలై 6న ఎడ్వర్డ్ కన్నుమూశాడు.

రాణివి నువ్వే అని జేన్‌కు చెప్పింది జూలై 9న, సయన్ హౌస్‌లో. లండన్ పశ్చిమాన ఐల్‌వర్త్‌లో, థేమ్స్ ఒడ్డున ఉందీ భవనం. ఆవలి ఒడ్డున క్యూ గార్డెన్స్. మొదట ఇది సన్యాసినుల మఠం. ఎనిమిదో హెన్రీ దాన్ని మూయించాక, అతని అయిదో భార్య కేథరిన్ హోవర్డ్‌ను తల నరికే ముందు కొన్ని నెలలు ఇక్కడే బంధించారు. అంటే దురదృష్టపు ట్యూడర్ రాణుల్లో ఇద్దరి కథలు ఈ ఒక్క గడపను తాకాయి. జేన్ నిలబడిన గది ఎక్కడా అని వెతికితే లాభం లేదు. లోపలి హాళ్ళన్నీ 1760ల్లో రాబర్ట్ ఆడం కొత్తగా తీర్చినవి. పాలరాతి స్తంభాలు, బంగారు పూతలు కళ్ళు చెదరగొడతాయి గానీ ట్యూడర్ కాలం గోడల్లోపల దాక్కుంది. ఆ రోజు జేన్ నేలమీద పడి ఏడ్చిందని, కిరీటం తనది కాదు మేరీదని అన్నదని ఆమె తర్వాత మేరీకి రాసుకున్న విన్నపంలో ఉంది. ఆ విన్నపం ఇటాలియన్ పుస్తకాల్లో చేరినందువల్లే మనదాకా వచ్చింది.

మరునాడు పడవలో ఆమెను టవర్‌కు తీసుకెళ్ళారు. ఈ ప్రవేశానికి ఒక ప్రత్యక్ష సాక్షి వర్ణన చాలాకాలం చరిత్ర పుస్తకాల్లో చలామణీ అయింది. స్పినోలా అనే జెనోవా వర్తకుడి లేఖ అది. పొట్టి పిల్ల, సన్నటి ఒళ్ళు, ఎర్రబారిన జుట్టు, ముఖం మీద మచ్చలు, బంగారు పని చేసిన ఆకుపచ్చ గౌను, పొడుగ్గా కనపడటానికి ఎత్తు దిమ్మల చెప్పులు. ఇంత స్పష్టంగా కళ్ళముందు నిలిచే మనిషిని ఏ నవలాకారుడు వదులుకుంటాడు? అయితే ఈ లేఖ 1909లో రిచర్డ్ డేవీ అనే రచయిత పుస్తకంలో కనపడటానికి ముందు ఎక్కడా లేదని, అతని కల్పనేనని లియాండా డి లైల్ అనే చరిత్రకారిణి బయటపెట్టింది. కాబట్టి దాదాపు వంద సంవత్సరాలు చరిత్రకారులు ఒక కథ నుంచి ఎత్తి రాశారు, నవలాకారులు ఆ చరిత్రకారుల నుంచి ఎత్తి రాశారు. జేన్ విషయంలో కల్పనకూ చరిత్రకూ మధ్య గోడ ఎంత పలచనో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

టవర్‌లోకి అడుగుపెట్టే తెలుగువాళ్ళు సాధారణంగా తిన్నగా వెళ్ళేది నగల భవనానికే. కొల్లూరు గనిలో దొరికిందని చెప్పుకునే కోహినూర్ అక్కడుంది. ఆ క్యూ సాగే భవనానికి ఎదురుగానే టవర్ గ్రీన్ అనే పచ్చిక. జేన్ తొమ్మిది రోజులూ ఈ ప్రాకారం దాటలేదు. ఆ కొద్ది రోజుల్లోనే ఆమె చేసిన ఒక పని పావు బొమ్మకు సరిపోదు. భర్తను రాజుగా ప్రకటించమని అత్తింటివాళ్ళు పట్టుబట్టారు. ఆమె ససేమిరా అంది, డ్యూక్‌ను చేస్తాను అంతే అంది. అత్తగారు కొడుకును తీసుకుని వెళ్ళిపోవడానికి సిద్ధమైతే, అతన్ని కదలనివ్వొద్దని కబురంపింది. మేరీ తూర్పు ఇంగ్లండులో సైన్యం కూడగట్టగానే మంత్రులు పార్టీ మార్చారు. జూలై 19న లండన్ వీధుల్లో మేరీని రాణిగా చాటారు. జేన్ అదే ప్రాకారంలో ఖైదీ అయింది.

గిల్ఫర్డ్‌ను, అతని అన్నదమ్ముల్ని ఉంచింది పచ్చిక పక్కనే ఉన్న బీచమ్ టవర్‌లో. ఈ మొత్తం యాత్రలో నేను ఎక్కువసేపు నిలబడింది ఇక్కడే. గోడ నిండా ఖైదీలు చెక్కిన రాతలు. అన్న జాన్ డడ్లీ చెక్కించిన పలకలో వంశచిహ్నమైన ఎలుగుబంటి, సింహం, చుట్టూ పూలతీగ. తీగలో ఒక్కో పువ్వూ ఒక్కో తమ్ముడి పేరుకు గుర్తు: ఆంబ్రోస్‌కు గులాబీ, రాబర్ట్‌కు ఓక్ ఆకు, హెన్రీకి హనీసకల్, గిల్ఫర్డ్‌కు గిలీఫ్లవర్. ఉలి పని తీరుగా ఉంది, చేతిలో కావలసినంత తీరిక ఉన్నవాడి పని. మరోచోట, ఏ అలంకారమూ లేకుండా, జేన్ అని నాలుగు అక్షరాల ఆంగ్లపు పేరు. చెక్కింది గిల్ఫర్డే అని ఆనవాయితీగా చెబుతారు. తల్లి పేరు కూడా జేనే కాబట్టి కొడుకుల్లో ఎవరైనా చెక్కి ఉండొచ్చన్న వాదనా ఉంది. 1986లో ట్రెవర్ నన్ తీసిన 'లేడీ జేన్' సినిమా ఈ దంపతుల్ని గాఢ ప్రేమికుల్ని చేసింది. హెలెనా బోనమ్ కార్టర్ నటన బావుంటుంది. ఆ ప్రేమకు రుజువు ఈ గోడ మీది నాలుగు అక్షరాలకు మించి లేదు.

విచారణ నవంబరు 13న గిల్డ్‌హాల్‌లో జరిగింది. టవర్ నుంచి అక్కడికి మైలు దూరం. జేన్‌ను వీధుల వెంట నడిపించారు. నల్ల దుస్తులు, చేతిలో తెరిచిన ప్రార్థన పుస్తకం. ఆమెతోబాటు భర్త, అతని సోదరులు, ఆర్చిబిషప్ క్రాన్మర్ నేరం ఒప్పుకున్నారు. హాలులో ప్రసిద్ధ విచారణల జాబితా చెక్కిన ఫలకం మీద ఆమె పేరు ఉంది. మరణశిక్ష వేసినా, అమలు చేయాలని మేరీకి లేదు. 1554 జనవరిలో, స్పెయిన్ యువరాజుతో మేరీ పెళ్ళికి ఎదురుతిరిగి థామస్ వయట్ తిరుగుబాటు లేవదీశాడు. జేన్ తండ్రి అందులో చేరాడు. దాంతో కూతురు బతికుంటే ప్రమాదమన్నవాళ్ళ మాట నెగ్గింది.

చివరి రోజుల్లో ఆమెను కాథలిక్‌గా మార్చడానికి మేరీ ఫెకెన్‌హామ్ అనే కాథలిక్ మతగురువును పంపింది. మతం మార్చుకుంటే ప్రాణం దక్కుతుందన్న ఆశ గాలిలో ఉన్నా, జేన్ అతనితో వాదానికి దిగింది. అంతకుముందు కాథలిక్‌లలో కలిసిన తన ఇంటి పురోహితుడికి రాసిన లేఖలో తిట్లకు కరువు లేదు. ప్రొటెస్టెంట్లు ఈ రాతల్ని వెంటనే అచ్చువేసి పంచారు. నవలలు ఇక్కడ తడబడతాయి. మతం కోసం నిప్పులు చెరిగే పదహారేళ్ళ పిల్ల నేటి పాఠకుడికి అంత తేలిగ్గా నచ్చదు మరి. ఆ కోపాన్ని తగ్గించి, కన్నీళ్ళు పెంచారు.

ఫిబ్రవరి 12న ముందు గిల్ఫర్డ్‌ను టవర్ హిల్ మీద నరికారు. బండిలో తెచ్చిన శవాన్ని జేన్ కిటికీలోంచి చూసింది. తర్వాత ఆమె వంతు, వైట్ టవర్‌కు ఎదురుగా పచ్చిక మీద. కళ్ళకు గంతలు కట్టుకున్నాక దిమ్మ చేతికి అందక తడుముకుంటే పక్కనున్న ఒకరు దారి చూపారని నాటి టవర్ వాసి ఒకరు రాసిన వృత్తాంతంలో ఉంది. పచ్చిక మీద ఇప్పుడున్నది 2006లో బ్రయన్ కాట్లింగ్ చేసిన గాజు స్మారకం, మీద ఒక గాజు దిండు. అదే చోటా అన్నది అనుమానమే. శవాన్ని పక్కనే ఉన్న సెయింట్ పీటర్ చర్చిలో పాతారు. పదకొండు రోజుల తర్వాత తండ్రినీ నరికారు.

ఆ తడుముకున్న క్షణాన్ని లోకానికి చూపించింది పాల్ డెలరోష్. 1833లో అతను వేసిన చిత్రం ట్రఫాల్గర్ స్క్వేర్‌లోని నేషనల్ గ్యాలరీలో ఉంది. వెడల్పు దాదాపు మూడు మీటర్లు. తెల్లటి శాటిన్ గౌను, కళ్ళకు గంతలు, గాల్లో వెతుకుతున్న చేతులు, నేలమీద పరిచిన గడ్డి. చీకటి రాతిగదిలో వెలుగంతా ఆ పిల్ల మీదే. నిజానికి అది ఆరుబయట జరిగింది, ఆమె వేసుకున్నది విచారణ నాటి గౌనే. పారిస్‌లో 1834 ప్రదర్శనలో జనాన్ని ఆకట్టుకున్న ఈ చిత్రం 1928 థేమ్స్ వరదలో పాడైపోయిందనుకున్నారు. 1973లో టేట్ గ్యాలరీలో చుట్ట చుట్టి ఉన్నది బయటపడింది. ఎదురుగా ఉన్న బల్ల మీద చోటు దొరకడానికి నేను చాలాసేపు ఆగాల్సి వచ్చింది.

డెలరోష్ తర్వాత జేన్ నవలా నాయిక అయింది. 1840లో విలియం హారిసన్ ఎయిన్స్‌వర్త్ 'ది టవర్ ఆఫ్ లండన్'ను నెలనెలా సంచికలుగా వెలువరించాడు. జార్జ్ క్రూక్‌షాంక్ బొమ్మలతో వచ్చిన ఈ నవలలో కథ ఎంతో, కోట వర్ణన అంత. 2006లో చరిత్రకారిణి అలిసన్ వీయర్ తన మొదటి నవల 'ఇన్నోసెంట్ ట్రెయిటర్'లో జేన్‌తోబాటు తల్లి, మేరీ, డడ్లీ వంటివారందరి నోటా కథ చెప్పించింది. పాత్రలన్నీ 'నేను' అని మాట్లాడటం వల్ల ఎవరి దృష్టి ఎంత వంకరో తెలుస్తుంది. తల్లి మాత్రం పాత గయ్యాళే. 2016లో ముగ్గురు అమెరికన్ రచయిత్రులు కలిసి రాసిన 'మై లేడీ జేన్' చరిత్రను పూర్తిగా పక్కనపెట్టింది. అందులో గిల్ఫర్డ్ పగలంతా గుర్రంగా మారిపోతాడు, జేన్ చావదు. 2024లో ప్రైమ్ వీడియో దాన్ని ధారావాహికగా తీసి, ఒక్క సీజన్‌తో ఆపేసింది. ఇన్ని పుస్తకాల్లోకీ జేన్ తనకు తోచింది తను చేసేది, అత్తింటికి ఎదురుతిరిగేది, పురోహితుల్ని నిలదీసేది ఈ అల్లరి కథలోనే.