గాలికి అంటు లేదు, మైకుకి ఉంది

మా ఊరి పంచాయతీ ఆఫీసు మీద రేడియో గొట్టం ఉండేది. సాయంత్రం ప్రాంతీయ వార్తల వేళకి మా నాన్న కూలి నుంచి వచ్చి, రోడ్డుకి ఇవతల చింతచెట్టు కింద నిలబడి వినేవాడు. అరుగు మీద ఊరి పెద్దలు కూర్చునేవాళ్లు. "గాలికి అంటు లేదురా" అని నవ్వేవాడు నాన్న.

నిజమే. మరి ఆ గాలిలో ఎవరి గొంతు వచ్చేది?

1954 అక్టోబర్ 3న ఆకాశవాణిలో బాబాసాహెబ్ మాట్లాడారు. అప్పుడాయన అధికారంలో లేరు. స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వాలను తాను ఫ్రెంచి విప్లవం నుంచి అరువు తెచ్చుకోలేదని, బుద్ధుడి బోధనల నుంచి తీసుకున్నానని చెప్పారు. సరిగ్గా అరవై ఏళ్లకు, 2014 అక్టోబర్ 3న, అదే ఆకాశవాణిలో 'మన్ కీ బాత్' మొదలైంది. ఆ రోజు విజయదశమి. ఆర్ఎస్ఎస్ అధినేత ప్రసంగాన్ని దూరదర్శన్ ప్రత్యక్ష ప్రసారం చేసింది. 1956లో బాబాసాహెబ్ అదే నాగపూర్‌లో బౌద్ధం తీసుకున్నదీ విజయదశమి నాడే.

ఇది బీజేపీతో మొదలైన జబ్బేమీ కాదు. ఎమర్జెన్సీ పెట్టిన సంగతి ఇందిరమ్మ చెప్పింది రేడియోలోనే. ప్రభుత్వానికి సహకరించలేదని కిశోర్ కుమార్ పాటలు ఆపేసిందీ ఆ రేడియోనే. జనతా ప్రభుత్వం వర్గీస్ కమిటీని వేసింది. రేడియోనీ టీవీనీ స్వతంత్ర సంస్థకి అప్పగించమని కమిటీ 1978లో చెప్పింది. అది చట్టం కాకముందే ప్రభుత్వం పడిపోయింది. 1990లో మన ఉపేంద్ర మంత్రిగా ఉండగా ప్రసార భారతి చట్టమైంది. ఏడేళ్లు మూలన పడి, 1997లో మన జైపాల్ రెడ్డి మంత్రిగా ఉండగా అమల్లోకి వచ్చింది. అయినా ఖర్చుకి ఢిల్లీ దగ్గరే చెయ్యి చాపాలి.

ఇన్నేళ్ల గొడవ అంతా పగ్గం మంత్రి చేతిలో ఉండాలా, బోర్డు చేతిలో ఉండాలా అన్నదే. వాడ చేతికి మైకు ఎప్పుడొస్తుందని అడిగినవాళ్లు తక్కువ.

గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. 2008లో జహీరాబాద్ దగ్గర మాచనూరులో దళిత అక్కలు సంఘం రేడియో మొదలుపెట్టారు. విత్తనాల గురించి, పంటల గురించి తమ యాసలో తామే మాట్లాడారు. కానీ కమ్యూనిటీ రేడియో సొంతంగా వార్తలు చెప్పకూడదు. ఆకాశవాణి వార్తల్నే తిరిగి వినిపించొచ్చు.

అంటే పక్కూళ్లో మన పిల్లోణ్ని కొట్టినా ఆ అక్కలు దాన్ని వార్తగా చెప్పడానికి లేదు. అది ఆకాశవాణి నోటి నుంచి రావాలి.

నాన్నా, నువ్వు చెప్పింది సగమే నిజం.

జై భీమ్.