వెనక వరసలో ముగ్గురు

2016 సెప్టెంబరు 24, శనివారం. ఆ తారీకు నాకు గుర్తుండిపోవడానికి అసలు కారణం ఫుట్‌బాల్ కాదు. ముందు రోజు సాయంత్రం మా ఆయన ఆఫీసు నుంచి ఒక అట్టపెట్టె పట్టుకుని ఇంటికొచ్చారు. అందులో కాఫీ మగ్గు, ఫోన్ ఛార్జరు, మావాడు ఒకటో క్లాసులో వేసిన బొమ్మ. పదకొండేళ్ల ఉద్యోగం అంతలో సర్దుకుపోయింది. ఇక్కడ దాన్ని రిడండెన్సీ అంటారు. మన భాషలో దానికి ఇంకా మర్యాదైన మాటేదీ పుట్టలేదు.

శనివారమంతా ఇంట్లో ఎవరం ఎవరితోనూ సరిగా మాట్లాడుకోలేదు. సాయంత్రం మావాడు టీవీ పెట్టాడు. ఆర్సెనల్, చెల్సీ మ్యాచ్. మేముండేది క్రాయిడన్‌లో, క్రిస్టల్ ప్యాలెస్ గ్రౌండు పక్కనే ఉన్నట్టు లెక్క. అయినా వీడికి చెల్సీ అంటేనే ప్రాణం. ఎందుకురా అంటే సమాధానం ఉండదు. మాట్లాడే పని తప్పుతుందని మేమిద్దరం కూడా చెరోవైపు కూర్చున్నాం.

హాఫ్‌టైమ్‌కే మూడు గోల్స్ పడ్డాయి. సాంచెజ్, వాల్కాట్, ఓజిల్. మావాడి మొహం చూడలేకపోయాను. అంతకు ముందు ఏడాది చెల్సీ పదో స్థానంలో ముగించిందట. దానికి ముందేడు వాళ్లే ఛాంపియన్లు. కొత్తగా ఇటలీ నుంచి వచ్చిన కోచ్ ఆంటోనియో కోంటే గీత పక్కన నిలబడి చేతులు తిప్పుతూ అరుస్తున్నాడు. రెండో సగం మొదలయ్యాక పది నిమిషాలకి మధ్యలో ఆడే ఫాబ్రెగాస్‌ని బయటికి పిలిచి, అలోన్సో అనే ఎడంవైపు డిఫెండర్‌ని లోపలికి పంపాడు. "మూడు గోల్స్ వెనకబడి డిఫెండర్‌ని దింపుతాడేంటి?" అన్నారు మా ఆయన. ఆ రోజు ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి పూర్తి వాక్యం అది.

మావాడు తెరకి దగ్గరగా జరిగి, "నాన్నా, వెనకాల ముగ్గురే ఉన్నారు" అన్నాడు.

ఆ మ్యాచ్ మూడు సున్నాతోనే పోయింది. కానీ తర్వాతి వారం హల్ మీద కోంటే మొదటి నుంచీ ఆ ముగ్గురితోనే ఆడించాడు. రెండు గోల్స్‌తో గెలిచారు. ఇక అక్కణ్ణుంచి లీగ్‌లో వరసగా పదమూడు మ్యాచ్‌లు గెలిచారు. వాటిలో మొదటి ఆరింటిలో ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. మాంచెస్టర్ యునైటెడ్ మీద నాలుగు, ఎవర్టన్ మీద అయిదు. ఇదంతా దాదాపు అదే మనుషులతో!

ఇది నాకు అర్థమవడానికి ఫుట్‌బాల్ కన్నా కబడ్డీ పనికొచ్చింది. తెనాలి దగ్గర మా జిల్లా పరిషత్ హైస్కూల్లో నేను కబడ్డీ జట్టులో ఉండేదాన్ని. కుడి కార్నర్. వచ్చిన పిల్ల చీలమండ దొరకబుచ్చుకోవడమే నా పని. తొమ్మిదో తరగతిలో మేం వరసగా ఓడిపోతుంటే డ్రిల్లు మాస్టారు నన్ను కార్నర్ నుంచి తీసి కవర్‌లో పెట్టారు. కార్నర్ అంటే గౌరవం, కవర్ అంటే సహాయకురాలు అని నా లెక్క. ఇంటికెళ్లి ఏడ్చాను. పైగా కవర్‌లో నిలబడ్డా నా కాళ్లు వాటంతటవే కార్నర్ వైపు వెళ్లిపోయేవి. అక్కడ కాలు పట్టాలి, ఇక్కడ దారి మూసి ఒంటితో ఆపాలి. చోటు మారగానే సరిపోదు, కాళ్లకి అలవాటైందంతా వదిలించుకోవాలి.

అందుకే నా కళ్లు అజ్‌పిలిక్వెటా మీద ఉండేవి. కుడికాలి ఆటగాడు, కానీ అవసరం కొద్దీ ఎన్నో రోజులు ఎడం చివర ఆడించారు. ఇప్పుడు కోంటే అతన్ని ముగ్గురిలో కుడివైపు, లోపలికి తెచ్చి పెట్టాడు. మధ్యలో డేవిడ్ లూయిజ్. మంచి ఆటగాడే, కానీ ఉత్సాహం ఎక్కువ, తన చోటు వదిలేసి ముందుకి దూకేస్తాడని అందరూ తిట్టేవారు. నలుగురి వరసలో అలా దూకితే వెనక పెద్ద కంత పడుతుంది. ముగ్గురిలో అయితే ఇటు అజ్‌పిలిక్వెటా, అటు కేహిల్ ఉంటారు, కమ్ముకుంటారు. రెండు చివర్లా మొత్తం మైదానం పొడవునా పరిగెత్తే ఇద్దరు ఉంటారు, వింగ్‌బ్యాక్‌లు. బంతి అవతలి వాళ్ల దగ్గరుంటే వాళ్లు వెనక్కి వచ్చేస్తారు, అప్పుడు వరస అయిదుగురిది అవుతుంది. ఏ ఒక్కరూ రాత్రికి రాత్రి గొప్పవాళ్లైపోలేదు. ఎవరి లోపం ఎక్కడ ఉందో చూసుకుని, సరిగ్గా దాని వెనక ఇంకొకర్ని నిలబెట్టారు, అంతే. అజ్‌పిలిక్వెటా ఆ సీజన్లో లీగ్‌లో ఒక్క నిమిషం కూడా బయట కూర్చోలేదు.

కుడి చివర విక్టర్ మోజెస్. అప్పటిదాకా ముందు వరస ఆటగాడు, చెల్సీ అతన్ని మూడేళ్లపాటు లివర్‌పూల్‌కి, స్టోక్‌కి, వెస్ట్‌హామ్‌కి అప్పిచ్చేసింది. నైజీరియాలో అల్లర్లలో అమ్మానాన్నలిద్దర్నీ పోగొట్టుకుని, పదకొండేళ్లకి శరణార్థిగా ఈ దేశం వచ్చాడు. మా దక్షిణ లండన్‌లోనే ఒక కుటుంబం దగ్గర పెరిగాడు. అప్పుడు మావాడికీ పదకొండే. ఆ సంగతి తెలిసిన రోజు నేను వాడికి రెండో ముద్ద పెడుతూ కాసేపు ఆగిపోయాను.

మా ఇంట్లోనూ వరస మారింది. నేను ఒక చిన్న అకౌంట్స్ ఆఫీసులో వారానికి మూడు రోజులు చేసేదాన్ని. ఇక్కడ పన్ను రిటర్నులు వెయ్యాల్సినవాళ్లు జనవరి 31 లోపు వేసెయ్యాలి, కాబట్టి అక్టోబరు నుంచి ఊపిరాడదు. అయిదు రోజులూ రమ్మంటే సరేనన్నాను. వంట, స్కూలు, బట్టలు ఆయనకి వెళ్లాయి.

చెప్పుకోవడానికి బాగుంటుంది. నిజం చెప్పాలంటే నేను మహా చెడ్డగా ప్రవర్తించాను. మొదటి వారం ఆయన నా పోపులపెట్టె కడిగి, ఆరబెట్టి, తనకి వీలుగా సర్దుకున్నారు. ఆవాలు ఉండే గిన్నెలో మెంతులు! నేను రాత్రి ఏడింటికి ఇంటికొచ్చి, చూడకుండా అలవాటు కొద్దీ వేసేసి, చేదెక్కిన చారు చూసి గయ్యిమన్నాను. "నీకు వంట చెయ్యమని ఎవరు చెప్పారు? నేను పెట్టేవాణ్ణి కదా" అన్నారాయన నెమ్మదిగా. నిజమే. కాళ్లు కార్నర్ వైపు వెళ్లిపోయాయి.

ఆయన వంట బాగానే ఉందని ఒప్పుకోవడానికి నాకు నవంబరు దాకా పట్టింది. ఆయన పప్పు నా పప్పు కన్నా బాగుందని ఒప్పుకోవడం ఇప్పటికీ కష్టమే.

అంతకన్నా పెద్ద చిక్కు అత్తయ్యగారు. అప్పట్లో ఆదివారం ఆదివారం స్కైప్‌లో మాట్లాడేవారు. కొడుకు ఉద్యోగం పోయిందని ఆవిడకి చెప్పలేదు. బీపీ, షుగరు, పైగా ఊరంతా తెలిసిపోతుంది. ఆదివారం పొద్దున్నే ఆయన వంట ఆపి, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, హాల్లో వంటిల్లు కనబడని గోడ ముందు కూర్చునేవారు. "ఆఫీసు ఎలా ఉందిరా?" అంటే "బావుందమ్మా" అనేవారు. నాలుగు నెలలు. ఆ ఇస్త్రీ చొక్కా చూస్తే నాకు కడుపులో తిప్పేది, కానీ ఒక్కసారి కూడా కదిలించలేదు.

ఆ రోజుల్లో అందరూ మోజెస్ గురించే మాట్లాడేవారు. మా ఆయన మాత్రం ప్రతి మ్యాచ్‌కీ బెంచీ వైపు చూసేవారు. "ఇవానోవిచ్ ఉన్నాడా?" అని మావాణ్ణి అడిగేవారు. ఆ కుడివైపు చోటు ఏళ్లతరబడి అతనిదే. 2008 నుంచి ఆ జట్టులో ఉన్నాడు. 2013లో బెన్ఫికా మీద ఆఖరి క్షణాల్లో తలతో కొట్టి యూరోపా లీగ్ కప్పు తెచ్చిపెట్టింది అతనే. వరస మారాక అతనికి చోటు లేదు. అలసి పోయాడనీ, వేగం తగ్గిందనీ టీవీలో ముందే తేల్చేశారు. జట్టు గెలుస్తోంది కాబట్టి ఎవరికీ బాధ లేదు. నాకూ లేదు. గెలుపుల లెక్కలో పడి నేను ఆ ప్రశ్న ఎందుకు అడుగుతున్నారో ఆలోచించనే లేదు.

జనవరి 28న చెల్సీకి ఎఫ్.ఏ. కప్పులో బ్రెంట్‌ఫర్డ్‌తో మ్యాచ్. ఆ రోజు శనివారమైనా నేను ఆఫీసులోనే ఉన్నాను, గడువు మూడు రోజులే మరి. రాత్రి వచ్చి హైలైట్స్ చూస్తున్నాం. నాలుగు సున్నా. అందులో ఒకటి ఇవానోవిచ్ కొట్టాడు. మావాడు ఎగిరి గంతేశాడు. అతను రష్యా వెళ్లిపోతున్నాడని అప్పటికే వార్తలు, చెల్సీకి అదే అతని ఆఖరి మ్యాచ్ అయింది.

మా ఆయన గంతెయ్యలేదు. తెర మీద అతను ఉన్నంతసేపూ చూసి, "బాగా వెళ్లాడు" అన్నారు. లేచి వెళ్లి గిన్నెలు తోమడం మొదలుపెట్టారు. నేను వెళ్లి తుడవబోతే, వద్దనలేదు.

మర్నాడు ఆదివారం. చొక్కా ఇస్త్రీ చేసి నేనే కుర్చీ మీద వేశాను. ఆయన దాన్ని చూశారు, తీసుకోలేదు. బనీనుతోనే, భుజం మీద తువ్వాలుతోనే లాప్‌టాప్ తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టారు. పొయ్యి మీద గోంగూర ఉడుకుతోంది. అత్తయ్యగారి మొహం తెర మీదకి వచ్చింది.

"అమ్మా, నాకు ఉద్యోగం పోయి నాలుగు నెలలైంది. కోడలే ఇల్లు నడుపుతోంది. నేను వంట చేస్తున్నాను."

నెట్ ఆగిపోయిందేమో అనుకున్నాను. ఆగలేదు, ఆవిడే కదలకుండా ఉన్నారు. కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు.

"ఆ పొయ్యి మీదది ఏవిట్రా?"

"గోంగూర పప్పు."

"మూత తియ్యి, చూపించు."

ఆయన మూత తీశారు.