అనూరుని పగ్గములు

చిన్ననాట మా తండ్రిగారు భారతము చదివించునపుడు అనూరుని కథకు నేను కంటతడి పెట్టితిని. తల్లి వినత తొందరపడి గ్రుడ్డు చిదిపినందున తొడలు లేక పుట్టిన యాతడు సూర్యునకు సారథి యయ్యెను. పగ్గములు పట్టుటకు వలయునవి చేతులే గదా యని నాకప్పుడు తోచలేదు. మా ఆడుబిడ్డ వలన తెలిసినది.

మూడేండ్ల క్రిందట ఆమె మిద్దెమీద మిరపకాయలు ఎండబోయుచు జారిపడినది. వెన్నుపాము దెబ్బతిని నడుము క్రిందిభాగము చచ్చువడెను. సిద్దిపేటకు తెచ్చిన పిదప అత్తగారును నేనును ఆమెను పసిబిడ్డవలె ఎత్తి దింపుచుంటిమి. మంచినీళ్ల చెంబునైన తన చేత తీసికొననీయలేదు. అదియే ప్రేమ యనుకొంటిమి. ఆరు మాసములకు ఆమె చేతులు పుల్లలైనవి; నా నడుము పట్టుకొన్నది; ఆమె పిరుదున పుండు లేచినది.

అప్పుడు ఫిజియోథెరపీ చేయించు నామె వచ్చి మందలించినది: "కాళ్ల పని ఇక చేతులు చేయవలెను. ఆ చేతులను మీరు సోమరులను చేయుచున్నారు."

పుండు మానిన పిదప సాధన మొదలైనది. ఇరుప్రక్కల అరచేతులు మోపి దేహమును పైకెత్తుట, అరలీటరు నీళ్లసీసాలు ఎత్తుట, కిటికీ కమ్మికి కట్టిన రబ్బరుపట్టీని వెనుకకు లాగుట. ఒక్కొక్కటి పదేసి మార్లు, మూడు విడతలు, వారమునకు రెండు దినములు. మా వారు బడినుండి వచ్చి నోటుపుస్తకమున లెక్క వ్రాయువారు. మొదటి వారము ఆమె అంగుళమైనను లేవలేక ఏడ్చినది.

వెనుకకు లాగుట మఱువరాదు. దినమెల్ల కుర్చీ చక్రములు త్రోయువారికి ఱొమ్ముకండలు బిగిసి భుజము నొప్పిపెట్టును. వీపుకండలకు బలమున్న భుజము నిలుచును. అరగంటకొకమారు ముందునకో ప్రక్కకో వాలి పిరుదులకు బరువు తప్పింపవలెను. మెడయందో వీపు పైభాగమునందో దెబ్బతగిలినవారు వైద్యుని అడుగక ఇవి ఆరంభింపరాదు.

మనవారు వైద్యమునకు పోవు రాయవేలూరులో డాక్టరు మేరీ వర్గీసుగారుండిరి. 1954లో మోటారు ప్రమాదమున కాళ్లు చచ్చువడినను, చక్రముల కుర్చీలో కూర్చుండియే కుష్ఠరోగుల చేతులకు శస్త్రచికిత్స చేసిరి. వారి కృషివలన 1966లో అచట ఇట్టివారికి పునరావాస కేంద్రము వెలసెను. 1972లో వారికి పద్మశ్రీ లభించినది. ఈ కథ చెప్పగా మా ఆడుబిడ్డ బదులాడక నీళ్లసీసాలందుకొన్నది.

ఎనిమిదవ మాసమున నొకనాటి ఉదయము మంచమునకును కుర్చీకిని నడుమ చెక్కపలక వేసికొని తానే జరుగుచుండెను. నేను పరుగెత్తితిని. "వదినా, ఆగుము. నన్ను పట్టుకొనకుము" అన్నది. వాకిలి పట్టుకొని నిలిచితిని. ఆమె చేతులు వణకుచుండెను, నావియు వణకుచుండెను. కుర్చీలో కూర్చుండి ఆమె నవ్వినది. తొందరలో నేనును వినతవంటిదాననే యని నాకానాడు తెలిసినది.

ఇప్పుడు సాయంకాలములు కోమటిచెరువు కట్టకు ఆమె కుర్చీని తానే నడపుకొనును. నేను ప్రక్కన నడచెదను.

సోదరీమణులారా! మీ యింట నిట్టివారున్నచో సేవ మానుడని నేననను. నీళ్లచెంబు మాత్రము వారి చేయి సాచిన అందునంత దూరమున నుంచుడు.