పెరటిగుంట

2020వ సంవత్సరము మార్చి 24వ తేదీ రాత్రి, కరోనా కారణమున 21 దినములు ఇల్లు కదలరాదను ప్రకటన వెలువడినది. మఱునాడు శార్వరి ఉగాది. తెల్లవారకమునుపే మేము బజారునకు పరుగెత్తితిమి, వేపపువ్వునకై కాదు. ఇంటిలో తినువారము నలుగురము. 10 కిలోల టమాటాలేల? ప్రక్కనున్న పెద్దమనిషి 15 కొనుచుండెను. అంతకన్న మావద్ద కారణము లేదు.

వారము తిరుగకమునుపే కొత్తిమీర కుళ్లినది, టమాటాలు నీరుగారినవి. చీకటి పడిన పిదప (ఇరుగుపొరుగు చూతురని సిగ్గు!) పెరటిగుంటలో వైచి పైపైని మన్ను కప్పితిమి. అన్నమును విస్తారముగా కూర్చుకొమ్మని, అన్నమును త్రోసివేయకుమని తైత్తిరీయము చెప్పినది. బజారులో మొదటి మాటయే జ్ఞప్తికి వచ్చినది. రెండవది గుంటకడ గాని రాలేదు.

మాయింట కొన్నది మురిగినట్లే, పెండ్లిండ్లును భోజనశాలలును మూతపడి, కొనువారు లేక, పల్లెలందు అరటిగెలలు చెట్లనే పండి రాలినవి.

పనిమనిషిని రావలదన్నది మేమే. జీతము పంపితిమి, ఆ కూరలలో సగము పంపుట మాత్రము తోచలేదు. ఆమె జూనులో తిరిగివచ్చి, గుంటపై గుబురుగా లేచిన మొక్కలను చూచి, “బాబుగారూ, ఈ టమాటాలు ఎప్పుడు నాటారండీ?” అని అడిగినది.

వాటంతట అవే మొలిచినవంటిమి.