మూడవ సిలిండరు

హుగ్లీ తీరమందలి ఉత్తరపాడా కర్మాగారంలో అంబాసిడరు కార్ల తయారీ 2014లో నిలిచిపోయింది. అప్పటికే ముప్పది ఏండ్ల వయసున్న అట్టి కారొకటి హౌరాలో ఒక విశ్రాంత లెక్కల మాస్టారి వసారాలో ఉన్నది. భార్య పట్టుబట్టగా కొన్నాడు. నూనె మార్చిన ప్రతి తేదీనీ నోటుపుస్తకంలో వ్రాసి ఉంచినదీ ఆమెయే. ఇప్పుడామె లేదు, ఇంజను దగ్గుతున్నది.

బోరు అరిగిపోయినదని మెకానిక్కు తేల్చాడు, నాడి చూడకనే శస్త్రచికిత్స చెప్పే వైద్యునివలె. “నాన్నగారూ, పాత ఇనుముకు ఇచ్చివేయండి” అని పూనా నుండి కుమారుడు. మాస్టారు ఆదివారం దాకా గడువడిగాడు.

ప్లగ్గులు విప్పి వరుస తప్పకుండా కాగితంపై పేర్చాడు. మూడింటి మొనలు లేత గోధుమ వన్నె. మూడవ సిలిండరుది మాత్రం పెట్రోలుతో తడిసి నల్లబడింది. కాయిలు తీగ ఊడదీసి (ఇది మరచినవారికి ఆ తీగయే బుద్ధి చెబుతుంది), ప్రక్కింటి కుర్రవానిచేత ఆక్సిలరేటరు పూర్తిగా త్రొక్కించి ఒత్తిడి కొలిచాడు. తక్కినవి 120 పౌన్ల దరిదాపున నిలువగా మూడవది 70 వద్ద ఆగింది. అందులో చెంచాడు నూనె పోశాడు. రింగులో బోరో అరిగితే నూనె ఆ సందును కప్పి ఒత్తిడి పెరగవలె. ముల్లు కదలలేదు. తప్పు వాల్వులది.

2000లో దేశమంతటా సీసం కలిపిన పెట్రోలు ఆగింది. ఊపిరికి అది మేలే. కాని పాత ఇంజనుల్లో పోతయినుప హెడ్డులోని వాల్వు పీటకు సీసపు పొరయే కవచం. అది పోయిన పీట క్రమంగా అరుగుతుంది, వాల్వు లోనికి దిగుతుంది, రాకరు సందు మూసుకుపోతుంది. సరిగా మూయబడని ఎగ్జాస్టు వాల్వు తన వేడిని పీటకు అందీయలేక అంచు కాల్చుకొంటుంది.

ఇంజను చల్లారిన పిమ్మట రాకరు మూత విప్పాడు. నాలుగవ వాల్వు పూర్తిగా తెరచుకొన్నప్పుడు ఐదవదానిని చూడవలె. రెండంకెలూ కలిపితే తొమ్మిది. లెక్కల మాస్టారికి ముచ్చటైన సూత్రం! 0.015 అంగుళం రేకు దూరవలసిన చోట సన్నని కాగితమైనా దూరలేదు. స్క్రూ వదులుచేసి, సందు సరిచేసి, మరల కొలిచాడు. 95.

మిగిలిన పాతిక పౌన్లు ఎక్కడికి పోతున్నవో ఆయనకు తెలుసు: అంచు అప్పటికే కాలింది. హెడ్డు దింపి వాల్వు మార్చవలె, పీట చెక్కించవలె. ఖర్చే, కాని బోరు ఖర్చు కాదు, పాత ఇనుమూ కాదు.

లోపల ఫోను మ్రోగింది. ఆయన ముందు చేతులు తుడుచుకొని, నోటుపుస్తకంలో ఆమె చివరి పద్దు క్రింద తేదీ వేసి, నాలుగంకెలు వ్రాశాడు.