శొంఠిపట్టుతో తీరని తలనొప్పి

పిల్లలు తలనొప్పి యనగానే శొంఠి యరగదీసి నుదుట పట్టువేసి పరుండబెట్టుట మన యిండ్ల వాడుక. నేనును అట్లే చేసితిని. అందువలన నేను నేర్చుకొన్నది మీకు మనవి చేయుచున్నాను.

మాది సికిందరాబాదులోని మెట్టుగూడ. మా అన్నగారు రైల్వే యుద్యోగి. 2019లో ఆయన కుమార్తెకు తొమ్మిదేండ్లు. ఉదయము లేవగానే తలనొప్పియు, వాంతియు వచ్చుచుండెను. దాహ మధికము. తోటి పిల్లలకంటె పొట్టిగా నుండెను. కండ్లద్దములు రెండుమార్లు మార్చినను గుణము కనబడలేదు. ఒకనాడు మెట్రో వంతెన క్రింద రోడ్డు దాటుచు, ప్రక్కనుండి వచ్చు ఆటోను చూడక ముందునకు నడచినది. చేయిపట్టి లాగితిని. “అది నాకు కనబడలేదత్తా!” అని యేడ్చినది.

వైద్యుడు ఆమె చెవుల ప్రక్కగా వ్రేలాడించి చూచి, “దోషము కండ్లలో లేదమ్మా, కంటినరములు కలియుచోట నేదో యొత్తుచున్నది” అని స్కానులు తీయించుమనెను.

మొదట సీటీ స్కాను తీసిరి. అందు ఎక్స్‌కిరణములు తలచుట్టును తిరిగి, లోపలిభాగమును పొరలు పొరలుగా చూపును. 1971లో లండనునందు హౌన్స్‌ఫీల్డుగారి యీ యంత్రమున మొదట పరీక్షింపబడిన రోగి, మెదడులో కంతి గలదని యనుమానింపబడిన యొక స్త్రీయే.

పిదప ఎమ్మారై. దీనికి ఎక్స్‌కిరణములతో పనిలేదు. బలమైన యయస్కాంతమును, రేడియో తరంగములును చాలును. లోహమున కా గదిలో ప్రవేశము లేదు. పాప పట్టీలు తీసితిమి. తోడు వెళ్లవలసిన వదినగారు మాత్రము, “సూత్రము తీయుటెట్లు?” అని నిలిచిపోయిరి. పసుపుకొమ్ము దారమున గట్టి ఆమె మెడలో వేసితిని. కన్నీరు తుడిచికొని లోనికి వెళ్లిరి.

సీటీలో సున్నపు పలుకులు తెల్లగా దోచెను. ఎమ్మారైలో నీటితిత్తియు, దానిపై నొత్తబడిన కంటినరములును స్పష్టపడెను. పేరు క్రేనియోఫారింజియోమా. అరుదైన కంతి. కాన్సరు కాదు గాని, ఎదుగుదలను నడపు పిట్యూటరీ గ్రంథి చెంత బుట్టుటచే నపాయకరము. శస్త్రచికిత్సలో దీసిన ముక్కను సూక్ష్మదర్శినితో జూచి, వైద్యులు ఆ పేరే నిశ్చయించిరి.

పాప నేడు బడికి బోవుచున్నది; నిత్యము హార్మోను మందులు వాడుచున్నది. ప్రక్కచూపు కొంత తిరిగి రాలేదు. ముందే మేలుకొని యుండిన వచ్చెడిదేమో యను చింత నన్ను విడువదు.

తలనొప్పు లన్నియు కంతులు కావు, వృథాగా భయపడకుడు. కాని యుదయపు వాంతులు, తగ్గుచున్న చూపు, ఆగిన యెదుగుదల కలిసి కనబడిన జాగు చేయకుడు. శొంఠికొమ్ము మా యింట నిప్పటికిని గలదు. అరగదీయుటకు ముందు మాత్రము పిల్లను నాలుగు ప్రశ్న లడుగుచున్నాను.