పెద్దయ్య చెంచా



పోయిన ఆదివారం ఆరాధనలో మేము మైకు స్టాండు మర బిగించడానికి రెండు రూపాయల బిళ్ళ వాడటం చాలామంది చూశారు. "అయ్యగారి జేబులో పనిముట్టు పోయిందా?" అని ఫోను చేసి అడిగినవాళ్ళూ ఉన్నారు. పోలేదు. అది ఎక్కడుందో, ఎందుకుందో చెప్పాలి.

కువైట్‌లో పని చేసి వచ్చిన ఒక సహోదరుడు మాకు ఇచ్చింది అది. పేరు లెదర్‌మన్ సర్జ్. మడిస్తే జానెడు కూడా ఉండదు. అందులో పట్టకారు, కత్తులు, కత్తెర, రంపం, ఆకురాయి, స్క్రూడ్రైవర్లు. కిరాణా కొట్టు కాటా మీద పెడితే 350 గ్రాములు తూగింది. నాలుగు ఊళ్ళ సంఘాలకు పాత బండి మీద తిరిగే మాకు చైను ఊడినా, యాంప్లిఫయరు వైరు తెగినా, మందిరం కిటికీ గడియ ఊడినా అదే దిక్కు. దీన్ని కనిపెట్టిన టిమ్ లెదర్‌మన్ అనే ఆయన 1975లో పాత కారులో యూరప్ తిరుగుతూ, అది మాటిమాటికీ చెడిపోతుంటే జేబుకత్తితో బాగుచేసుకోలేక విసిగిపోయాడట. 1983లో మొదటిది అమ్మకానికి వచ్చింది. పాత బండి మీద తిరిగేవాడికే ఇలాంటి ఆలోచన వస్తుంది మరి!

ఇన్ని ఉన్నా అందులో తినడానికి పనికొచ్చేది మాత్రం ఏమీ లేదు. ఇంగ్లండులో కేంబ్రిడ్జిలోని ఫిట్జ్‌విలియం మ్యూజియంలో రోమీయుల కాలం నాటి మడత పనిముట్టు ఒకటి ఉంది. దానికి చెంచా, ఫోర్కు, కత్తి అన్నీ ఉన్నాయి. మాకెప్పుడూ ఆ లోటు తెలియలేదు. దేవుడిచ్చిన అయిదు వేళ్ళున్నాయి కదా.

ఆ లోటు పెద్దయ్య దగ్గర తెలిసింది.

పేరు రాయడం ఆయనకు ఇష్టం లేదు గనుక పెద్దయ్య అనే అంటాం. ఒకప్పుడు చుట్టుపక్కల ఊళ్ళ కర్రులు, కొడవళ్ళు అన్నీ ఆయన కొలిమిలోవే. ఇప్పుడు చేతులు వణుకుతాయి. ఊరికే కూర్చుంటే నిలకడగానే ఉంటాయి. ముద్ద నోటి దాకా తెచ్చేసరికి ఊగిపోతాయి. డాక్టరు ఇచ్చిన మాత్రలు వాడుతున్నారు. (ప్రార్థన చేస్తున్నాం కదా అని మాత్రలు మానేయమని మేము ఎవరికీ చెప్పం. అడిగినా ఒప్పుకోం.) కోతకాల పండుగ నాడు ప్రేమవిందులో ఆయన చేతి ముద్ద పక్కనున్న కుర్రాడి చొక్కా మీద పడింది. ఎవరూ ఏమీ అనలేదు. ఆ తర్వాత ఆయన విందుకు రాలేదు. కొన్ని వారాలకు ఆరాధనకూ రాలేదు. ఇంట్లో కోడలు తినిపిస్తోంది.

మేము ఆయన చేతులు పట్టుకుని ఎన్నోసార్లు ప్రార్థన చేశాం. ఆయన ఎలా తింటున్నారో ఒక్కసారీ చూడలేదు. చూసే వీలు కూడా లేదు. గృహదర్శనానికి వెళ్తే ముందు అయ్యగారికి వడ్డిస్తారు, మేము చెయ్యి కడుక్కుని బయలుదేరాక ఇంటివాళ్ళు తింటారు. ఇది మర్యాద అనుకున్నాం ఇన్నేళ్ళూ.

ఒకనాడు వాళ్ళింట్లో ఫ్యాను రెగ్యులేటరు మర బిగించి, ఈ పనిముట్టు మంచం మీద పెట్టాం. పెద్దయ్య తీసుకున్నారు. కమ్మరి కదా, తిప్పి తిప్పి చూశారు. "ఉక్కు మంచిదే" అన్నారు. మా ఇంటావిడ మమ్మల్ని మోచేత్తో పొడిచింది. "ఆయన చెయ్యి చూడండి. అంత ఊగట్లేదు." బరువు చేతిలో ఉంటే వణుకు తగ్గింది. ప్రభుత్వ ఆసుపత్రిలో ఫిజియోథెరపీ చేసే అమ్మాయిని అడిగితే, బరువైన చెంచాలు ఉంటాయనీ, కొందరికి సాయపడతాయనీ, అందరికీ కాదనీ చెప్పింది.

ఈ పనిముట్టులో రంపం ఊడదీసి మార్చుకోవచ్చు. వడ్రంగులు వాడే జిగ్‌సా మిషను బ్లేడుకు ఉన్నట్టే దాని తోకకు రెండు చెవులుంటాయి, ఇంగ్లీషు టీ అక్షరంలా. ఆ తోక ఉన్నది ఏదైనా అందులో కూర్చుంటుంది. మన సంఘంలో వెల్డింగ్ షాపు పెట్టుకున్న తమ్ముడూ మేమూ కలిసి ఒక విరిగిన జిగ్‌సా బ్లేడు తోక కోసి, దానికి స్టీలు చెంచా రివిట్ కొట్టాలనుకున్నాం. స్టీలుకు కన్నం వేయడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. డ్రిల్లు వేగంగా తిప్పితే స్టీలు ఇంకా గట్టిపడింది గానీ కన్నం పడలేదు. బిట్టు మొన నీలంగా మాడిపోయింది. తర్వాత నూనె వేసి, నెమ్మదిగా, గట్టిగా నొక్కితే దిగింది. ఎంత సంతోషపడ్డామో! ఆదివారం ప్రార్థనలో స్తుతులు కూడా చెల్లించాం.

వారం తిరక్కుండానే కోడలు వచ్చింది. "అయ్యగారూ, ఏమనుకోకండి. చెంచా వాసనొస్తందండి." నిజమే. రివిట్ సందులోకి పప్పుచారు దూరి, ఎంత తోమినా పోవట్లేదు. బ్లేడు ముక్క తుప్పు పట్టింది. చేపల పులుసు తింటే ఇనుము రుచి. ఇత్తడి చెంచా పెడదామంది మా ఇంటావిడ. పులుపు తగిలితే చిలుము పడుతుంది, కళాయి వేసేవాళ్ళు ఇప్పుడు మన వైపు రావడమే లేదు.

అప్పుడు పెద్దయ్య అన్నారు, "రెండు ముక్కలెందుకండీ అయ్యగారూ? చెంచా కాడనే తోకగా దింపండి." మాకు ఆ మాట తట్టనే లేదు. అసలు ఆయన్ను అడగాలనే తట్టలేదు.

హోటళ్ళలో వాడే మందపాటి చెంచా ఒకటి, అయస్కాంతం అంటుకోనిది చూసి తెచ్చాం. మన తమ్ముడి షాపులో వైస్ పక్కన స్టూలు వేసి పెద్దయ్యను కూర్చోబెట్టాం. ఆకురాయి మా చేతిలో, పని ఆయన నోట్లో. కళ్ళు మూసుకుని చప్పుడు వింటూనే, "వెనక్కి లాగేటప్పుడు ఎత్తండి, పళ్ళు పోతాయి" అనేవారు. రంపం తోకను పక్కన పెట్టుకుని కొంచెం కొంచెం రాస్తూ మందం సరిచూడాలి. మొదటి చెంచాకు చెవుల దగ్గర కాస్త ఎక్కువ రాశాం. లోపల కూర్చుంది గానీ కోడి తలలా ఊగింది. అది వృథా. రెండోదానికి మూడు సాయంత్రాలు పట్టింది. తోక కుదిరాక, చెంచా మెడను నోటి వైపు పక్కకు వంచమన్నారు, ఆయన మణికట్టు అంత తిరగదు గనుక. అంచులకు ఎమరీ పేపరు పట్టించి ఇస్తే తీసుకోలేదు. "ముందు మీ పెదవికి రాసి చూడండి" అన్నారు. రాసి చూస్తే గీసుకుంది. మళ్ళీ కూర్చున్నాం.

ఆ సాయంత్రాల్లోనే యెషయా రెండో అధ్యాయం ప్రస్తావన వచ్చింది, ఖడ్గాలను నాగటి నక్కులుగా సాగగొట్టే సంగతి. ఆ వాక్యం మీద మేము ఎన్నిసార్లు ప్రసంగించామో లెక్కలేదు. పెద్దయ్య కాసేపు ఆలోచించి, "ఒక కత్తికి ఒక కర్రే వస్తదండి. బొగ్గు మాత్రం చాలా అవుద్ది" అన్నారు. సెమినరీలో మాకు బొగ్గు సంగతి ఎవరూ చెప్పలేదు.

ఇంట్లో చిన్నపిల్లలున్నారు గనుక కత్తులు తెరుచుకోకుండా చూడాలి. చెంచాను తెరిచి ఉంచి, పాత సైకిలు ట్యూబు ఉంగరాల్లా కోసి పిడి అంతా తొడిగాం. పట్టుకూ బాగుంది. ఫోర్కు కూడా ఒకటి చేశాం. "గడ్డి ఎత్తడానికా?" అని పక్కన పెట్టేశారు.

అద్భుతం జరిగిందని రాయం. మెతుకులు ఇప్పటికీ పడతాయి, కొన్ని రోజులు ఎక్కువ, కొన్ని రోజులు తక్కువ. పప్పన్నం, పెరుగన్నం తింటున్నారు. చేప మాత్రం కుదరదు, ముల్లు తీయడానికి వేళ్ళే కావాలి. అప్పుడు కోడలు ముళ్ళు తీసి పెడుతుంది, ఆయన తింటారు. చెంచాతో తింటే తిన్నట్టు ఉండదని సణుగుతారు కూడా. ఆ మాటలో తప్పేమీ లేదు, మాకూ ఉండదు.

ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ పనిముట్టు తిరిగి తెచ్చుకుందామనే మా ఆలోచన. ఇనుప కడ్డీతో అంతే బరువున్న పిడి ఒకటి చేసిచ్చి ఇది తీసుకుందామని రెండుసార్లు వాళ్ళింటికి వెళ్ళాం. రెండుసార్లూ అడగలేక వచ్చేశాం. బండి చైను ఊడినప్పుడల్లా మనసు అటే పోతుంది.

మొన్న మంగళవారం వెళ్ళినప్పుడు కోడలు చాప పరిచి రెండు పళ్ళేలు పెట్టింది. పెద్దయ్య మా పక్కన కూర్చుని తిన్నారు. మాకంటే ఆలస్యమైంది, మేము చెయ్యి కడగకుండా కూర్చున్నాం. తిన్నాక చెంచా ఊడదీయించుకుని తానే కడిగి, కండువాతో తుడిచి, తోక వెలుగులో పెట్టి చూశారు. "ఎడమ చెవి కాస్త అరిగినట్టుందండి. గురువారం ఆకురాయి పట్టుకురండి, ఇంకోటి దింపుదాం" అన్నారు.

గురువారం వెళ్తున్నాం. ఆ సాయంత్రం కూటం ఏడింటికి కాదు, ఏడున్నరకు.